ఏడో తూటా

లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ గిట్టవు. అయినా నా జన్మలో ఒకే ఒక్క లెక్క సరిగ్గా చేశాను. అది బళ్ళో చేసింది కాదు, కృత్తివెన్నులో మా మామయ్య ఇంటి వీధి అరుగు మీద చేసింది.

1964లో క్రిస్మస్ సెలవులకు అమ్మమ్మ దగ్గరకు వెళ్ళాను. అప్పటికి నాకు పదేళ్ళు. ఇప్పటిలా రొయ్యల చెరువులు ఎక్కడివి! మామయ్య వాళ్ళ వైపంతా వరిచేలే. కోసిన పనలు ఆరుతూంటే మునిమాపువేళ పరజలు గుంపులుగా వచ్చి వాలేవి. వాటిని బెదరగొట్టడానికి మామయ్య దగ్గర లైసెన్సు ఉన్న రైఫిలొకటి ఉండేది. అమెరికాలో తయారైన మార్లిన్.

నాటు తుపాకులవాళ్ళు మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టించేవారు. ఒక దెబ్బ వేసి రెండోదానికి సిద్ధమయ్యేలోగా పిట్టలు కొల్లేరు చేరేవి. మామయ్య రైఫిలు తీరు వేరు. బారెల్ కిందుగా సన్నని గొట్టం, అందులో ఇంకో ఇత్తడి గొట్టం, దానిలో స్ప్రింగు. ఇత్తడి గొట్టాన్ని చివర మెలితిప్పి పైకి లాగితే, పై గొట్టానికి తూటా ఆకారంలోనే తొలిచిన రంధ్రం కనబడేది. అందులోంచి తూటాలను ఒక్కొక్కటే అడుగు ముందుగా, ముక్కు వెనకగా జారవిడవాలి. పొడుగు రకమైతే పంతొమ్మిది పట్టేవి. తరువాత ఇత్తడి గొట్టాన్ని లోపలికి నెట్టి బిగించడమే. ట్రిగ్గరు చుట్టూ ఉన్న మీటను కిందికి తోసి పైకి లాగినప్పుడల్లా, ఒక తూటా వచ్చి బారెల్ మొదట్లో ఉన్న అరలో కూర్చునేది.

"ఒకదాని ముక్కు ఇంకోదాని అడుగున తగులుతోంది గదా మామయ్యా, పేలదూ?" అన్నాను.

"దీని మందు నడిమధ్య ఉండదురా, అంచులో ఉంటుంది. అంచు మీద దెబ్బ తగిలితేనే పేలుతుంది. ముక్కు తగిలేది నడిమధ్య. అందుకే దీనికి గొట్టం నప్పింది."

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను: 1860 నాటి హెన్రీ రైఫిలుకూ గొట్టం ముందువైపు నుంచే నింపేవారట. స్పెన్సర్ రైఫిలుకు భుజానికి ఆనించే చెక్కలోంచి. ముందునుంచి నింపితే చెయ్యి మూతి దగ్గరకు పోక తప్పదు. 1866లో వించెస్టర్ వారు పక్కన చిన్న తలుపు పెట్టారు.

ఆ సాయంత్రం మామయ్య పది తూటాలు వేసి, "పద్దు నీది" అన్నాడు. ఎంత పొంగిపోయానో! చేలో మూడు దెబ్బలు కాల్చాడు, అదీ గట్టు అడ్డం చూసుకుని. తూటాల డబ్బా మీద మైలు దూరం దాకా ప్రమాదమని అచ్చువేసి ఉండేది మరి. మా వైపు మైలు దూరంలో తాటిచెట్టు తప్ప అడ్డమేముంది!

ఇంటికొచ్చి లాంతరు వెలుగులో ఇత్తడి గొట్టం లాగి, రైఫిలు వంచి, తూటాలు పళ్ళెంలోకి దులిపాడు. ఆరు. "అయిపోయాయి" అని లోపలికి నడిచాడు. రైఫిలు తగిలించే మేకు కిందనే మరదలు పిల్ల ఉయ్యాల.

మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. పదిలో మూడు పోతే ఏడు గదా! కాని పెద్దవాళ్ళకు ఎదురుచెప్పడం మా ఇంటా వంటా లేదు. పైగా లెక్కల్లో నా మార్కులు అందరికీ తెలిసినవే. నోరు పెగల్లేదు.

గుమ్మంలో ఉన్న అమ్మమ్మ నా మొహం చూసింది. "ఏమిట్రా?"

"ఏడు ఉండాలి అమ్మమ్మా."

మామయ్య నవ్వాడు. "వీడి లెక్కలూ వీడూనూ!"

"ధాన్యం కొలతలో కుంచం తేడా వస్తే ఊరుకుంటావుట్రా? మళ్ళీ చూడు" అంది అమ్మమ్మ.

ఆవిడ మాట కాదనలేక మామయ్య వెనక్కి వచ్చి, రైఫిలు మూతి ఖాళీ దొడ్డివైపు తిప్పి మీట లాగాడు. ఏడో తూటా ఎగిరి మెట్టు మీద టప్పున పడింది.

మూడో దెబ్బ కాల్చాక అలవాటు కొద్దీ మీట లాగాడు. దాంతో తూటా అరలో కూర్చుంది. గొట్టం దులిపితే అది రాదు గదా! మామయ్య అరుగు మీద కూలబడి లోపలి ఉయ్యాలకేసి చూస్తూండిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటినుంచి రైఫిలు దులిపేటప్పుడల్లా నన్ను పక్కన కూచోబెట్టుకునేవాడు. "పైకి లెక్కపెట్టరా. తేడా ఉంటే నా మొహమాటం పడకు" అనేవాడు.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆయన మళ్ళీ పిట్టను కొట్టలేదు. మామయ్య పోయాక, చట్టం ప్రకారం ఆ రైఫిలును పోలీసు స్టేషనులో అప్పగించడానికి నా మరదలు నన్ను తోడు తీసుకువెళ్ళింది. ఆనాడు ఉయ్యాల్లో ఉన్న పిల్ల!

"ఖాళీయేనాండీ?" అన్నాడు అక్కడి ఉద్యోగి.

గొట్టం తీసి చూపించాను. మీట మూడుసార్లు లాగాను. చిటికెనవేలితో అర తడిమి చూశాను.

"ఇప్పుడు ఖాళీ" అన్నాను.

మరదలు నవ్వింది. ఏడో తూటా కథ దానికి ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నేనే చెప్పాను.