సముద్రం ఒరగదు

సముద్రం ఎన్నడూ ఒక పక్కకు ఒరగదు. ఒరిగేది కెమెరా పట్టిన చేయి. అయినా కన్యాకుమారిలోనో, పూరీలోనో, విశాఖపట్నంలోనో తీసిన ఛాయాచిత్రాలను తిరగవేస్తే, నీరంతా ఒక మూలకు ఒలికిపోతున్నదా అనిపించేవి కొన్నయినా కనబడతాయి. చిత్రం తీసే క్షణంలో ఆ వాలు ఎవరి కంటికీ ఆనదు. చెవి లోపలి సమతౌల్య వ్యవస్థ భూమ్యాకర్షణ దిశను ఎప్పటికప్పుడు మెదడుకు తెలుపుతూ ఉంటుంది. తల కాస్త వాలినా మెదడు లోకాన్ని నిలబెట్టే చూపుతుంది. కెమెరాకు ఆ దాక్షిణ్యం లేదు. పైగా చిత్రానికి నాలుగు తిన్నని అంచులుంటాయి. వాటితో పోల్చిచూచే కన్ను చిన్న వాలును సైతం పసిగడుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పున అచ్చువేసిన చిత్రంలో 1 డిగ్రీ వాలు అంటే, ఈ చివరకూ ఆ చివరకూ అర సెంటీమీటరు ఎత్తు తేడా.

నేడు దీనిని సరిదిద్దడం సులభం. 1990లో వెలువడిన ఫొటోషాప్‌లోనూ, ఉచితంగా లభించే గింప్‌లోనూ క్షితిజరేఖ వెంబడి ఒక గీత గీస్తే చాలు. అది ఎంత వాలినదో లెక్కించి, సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని అంతమేర వెనుకకు తిప్పుతుంది. ఫోన్లలో వేలితో జరిపే కొలబద్ద ఉంటుంది. తాపీమేస్త్రీ రసమట్టంతో చేసే పనే ఇది.

అయితే ఏ గీతను నమ్మాలి? విశాల సముద్రం మీద నీరూ నింగీ కలిసే రేఖ నమ్మదగినది. చెరువు ఆవలి గట్టు అటువంటిది కాదు. అది ఏటవాలుగా దూరమవుతున్నప్పుడు, చక్కగా తీసిన చిత్రంలో కూడ వాలినట్లే కనిపిస్తుంది. దానిని బలవంతాన మట్టం చేస్తే గట్టు మీది చెట్లు ఒరిగిపోతాయి. అటువంటి చోట చిత్రం నడుమనున్న ఒక చెట్టునూ, నిశ్చలమైన నీటిలోని దాని ప్రతిబింబాన్నీ చూడాలి. ఆ రెంటి కొనలనూ కలిపే గీత నిట్టనిలువుగా ఉండాలి. చార్మినారును కిందినుంచి తీస్తే మినార్లు లోపలికి వంగినట్లుంటాయి. అక్కడ ఏదో ఒక మినారును కాక, కట్టడపు నడిమి గీతను ప్రమాణంగా గ్రహించాలి.

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. తిప్పిన చిత్రానికి మూలలలో ఖాళీలు ఏర్పడతాయి. అవి పోవాలంటే అంచులు కోయాలి. 3:2 నిష్పత్తి గల చిత్రాన్ని అదే ఆకారంలో నిలుపుకోదలిస్తే, 1 డిగ్రీ సవరణకు సుమారు 5 శాతం, 2 డిగ్రీలకు 10 శాతం, 5 డిగ్రీలకు 21 శాతం వైశాల్యాన్ని వదులుకోవలసి వస్తుంది.

కన్యాకుమారి యాత్రకు వెళ్ళిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అందరూ వరుసగా నిలబడ్డారు. మెల్లగా నడచివచ్చిన నాయనమ్మ చిట్టచివర, చిత్రపు అంచున నిలిచింది. ఆమె చీరచెంగు సగం బయటనే ఉండిపోయింది. వెనుక సముద్రం 5 డిగ్రీలు వాలింది. ఇంటికి వచ్చాక మనుమడు దానిని సరిదిద్దాడు. సముద్రం మట్టమయింది, కాని నాయనమ్మ లేదు. ఖాళీ మూలలను తనంతట తాను పూరించే సౌకర్యం ఫొటోషాప్‌లో 2016లోనే వచ్చింది. దానితో ఆమె నిలుస్తుంది. కాని చెంగు ఎక్కడ ముగిసిందో, పాదాల చెంత ఇసుక ఉన్నదో రాయి ఉన్నదో ఆ సాధనం ఎరుగదు. చుట్టుపక్కల చూచి ఊహిస్తుంది. ఆకాశపు మూలను అలా నింపితే ఇంటి చిత్రానికి వచ్చే నష్టం స్వల్పమే. మనిషి పక్కన నింపినది మాత్రం ఎవరూ చూడని దృశ్యం. వార్తాచిత్రంలోనైతే అది అసత్యమే అవుతుంది. మనుమడు చివరకు చిత్రాన్ని వాలుగానే ఉంచాడు. సముద్రం తిన్నగా ఉండడం కంటె నాయనమ్మ ఉండడం ముఖ్యమని అతడికి తోచింది.

సరిదిద్దకూడదని దీని భావం కాదు. ఏమి పోతున్నదో చూచుకొని సరిదిద్దాలి. మూలచిత్రాన్ని చెరపక, నకలు మీదనే పని చేయాలి. అన్నిటికంటె మేలైన జాగ్రత్త చిత్రం తీసే ముందే ఉన్నది: ఒక అడుగు వెనుకకు వేసి, అంచున నిలిచిన వారికి పక్కన కొంత చోటు విడవాలి.