ముందు ఆగడం, తర్వాతే పరుగు

మన కోయంబత్తూరులో మిల్లులకూ రేసు కార్లకూ పాత చుట్టరికం ఉంది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు తయారు చేసినారు. ఖర్చు తక్కువ కాబట్టి ఎందరో కుర్రాళ్ళు అందులోనే రేసు నేర్చుకున్నారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయినారు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన ట్రాకుకు ఆయన పేరే పెట్టినారు. 2005లో ఫార్ములా వన్‌లో బండి తోలిన నరైన్ కార్తికేయన్ కూడా మన ఊరివాడే. కాబట్టి మన లైను ఇళ్ళ పిల్లలకు ఈ పిచ్చి పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

మా చెల్లెలి కొడుక్కూ పట్టింది. వాడు లేతు వర్క్‌షాపులో పని చేస్తాడు. పాత ఫియట్ పాలియో 1.6 జి.టి.ఎక్స్. ఒకటి చవకగా కొన్నాడు. ఆ కారు మన దేశానికి వచ్చింది 2001లో. 1596 సి.సి. ఇంజిన్, 100 హార్స్ పవర్. అంత చిన్న కారులో అంత బలం అప్పట్లో అరుదు. దాన్ని టైం ట్రయల్‌కు, అంటే ట్రాకు మీద ఒక్కో బండికి విడిగా టైము చూసే పోటీకి, తయారు చేయాలని వాడి కోరిక. చేతిలో ఉన్నది చీటీ పాడి తీసుకున్న 60 వేలు.

చెల్లెలు నా దగ్గరికి వచ్చి, "అన్నా, వాళ్ళ నాయన పోయినాక ఇంటికి వీడొక్కడే ఆధారం. నువ్వైనా చెప్పు" అనింది. వాణ్ణి పిలిచి అడిగితే, "మామా, సైలెన్సర్ మార్చి, కంప్యూటర్ ట్యూనింగ్ చేయిస్తే ఇంకో పది పదిహేను హార్స్ పవర్ వస్తాది. డబ్బు దానికే సరిపోతాది" అన్నాడు.

నాకు కారు తోలడం రాదు. కానీ 34 ఏళ్ళు రింగ్ ఫ్రేమ్ ఫిట్టరుగా చేసినాను. తిరిగే మిషను గుణం తెలుసు. "ఒరే, స్పిండిల్ స్పీడు పెంచమని ఆర్డరు వస్తే మేము పుల్లీ మార్చేది ఆఖర్న. ముందు రింగులు, ట్రావెలర్లు, టేపులు, బేరింగులు చూస్తాము. అవి సరిగా లేకుండా స్పీడు పెంచితే నూలు తెగుతాది. తెగిన నూలు వేస్టు లెక్కలోకే పోతాది. అక్కడైతే నూలు తెగుతాది, ఇక్కడ నువ్వు పోతావు" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని దేని తర్వాత ఏదో వరస రాసుకున్నాము. మన పిల్లలకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది బ్రేకు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ పట్టినాక ఆ హద్దు 155కి దిగుతుంది. ట్రాకు మీద మలుపు మలుపుకూ బ్రేకు తొక్కితే వేడెక్కి, పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలు నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు పెడలు కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకని ఆయిలంతా తీసి కొత్తది పోసినాము. ముందు చక్రాలకు మంచి ప్యాడ్లు, నాలుగింటికీ కొత్త రబ్బరు హోసులు వేసినాము.

రెండోది టైర్లు. బండి నేలను పట్టుకునేది నాలుగు అరచేతులంత చోటుతోనే. టైరు పక్కన తయారీ గుర్తు ఉంటుంది. అందులో చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. గీతలు అరగకపోయినా పాతబడిన రబ్బరు గట్టిపడి జారుతుంది. డబ్బులో మూడోవంతు టైర్లకే పోయింది. అయినా అది వేస్టు కాదు.

మూడోది చక్రాల బేరింగులు, బుష్షులు, షాక్ అబ్జార్బర్లు. చక్రం పైకి లేపి చేత్తో తిప్పి విన్నాను. రెండు బేరింగులు గరగరమన్నాయి. చెవి మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

నాలుగోది వేడి, బెల్టు. రేడియేటరు కడిగించి, కూలెంటు, హోసులు మార్చినాము. టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. బెల్టుతో పాటే టెన్షనరు, వాటర్ పంపు మార్చితే కూలి ఒక్కసారితో సరిపోతుంది.

ఐదోదానికి పైసా ఖర్చు లేదు. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, పాటల పెట్టె తీసేసి పాత ఇనుము కాటా మీద పెడితే 50 కిలోలు దాటింది. బరువు తగ్గితే బండి పరుగూ మెరుగే, మలుపూ మెరుగే, ఆగడమూ మెరుగే. సీటు బెల్టు జోలికి మాత్రం పోవద్దు.

నూలు మిల్లువాడిగా ఇంకో మాట. ట్రాకుకు పాలిస్టర్ చొక్కా వేసుకుని పోవద్దు. మంట తగిలితే అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుబట్ట మాడుతుందే గాని కరగదు. అసలైన రేసు సూటు మంట తట్టుకునే నూలుతో నేస్తారు. అది కొనలేనివాళ్ళు పోటీవాళ్ళు దేనికి ఒప్పుకుంటారో అడిగి, కనీసం నిండు చేతుల నూలుబట్ట, ముఖమంతా కప్పే హెల్మెట్ వేసుకోండి. మామూలు కారు ఇన్సూరెన్సు రేసులో జరిగిన నష్టానికి డబ్బివ్వదు. ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పండి.

పోటీ రోజు చెల్లెలు కూడా వచ్చింది. పులిహోర తెచ్చింది గాని తాను ముట్టలేదు. వాడి టైము పట్టికలో నడిమికి వచ్చింది. వాడికన్నా బలమైన ఇంజిన్లున్న రెండు బండ్లు బ్రేకు వేడెక్కి సగంలోనే పక్కకు వచ్చేసినాయి. మావాడు ఆఖరి చుట్టు నెమ్మదిగా తిప్పి, బ్రేకు చల్లారనిచ్చి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో నిలిపినాడు. అది చూసినాక చెల్లెలు టిఫిన్ డబ్బా తెరిచింది.

రాత్రిపూట అవినాశి రోడ్డు మీద బండ్లు ఎగరేసే పిల్లలు మన వీధుల్లో ఉన్నారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. ట్రాకు దగ్గరికి తీసుకుపోండి. అక్కడ ఎదురుగా లారీ రాదు, బండిని పరీక్ష చేసి వదులుతారు, పక్కన అంబులెన్సు ఉంటుంది. మావాడి దగ్గర ఇంకా ఆరు వేలు మిగిలి ఉంది. సైలెన్సర్ కొనేదానికి కాదు, వచ్చే పోటీకి ఫీజు కట్టేదానికి దాచినాడు.