17 పౌండ్ల మూట



మన భాషలో యాత్ర వేరు, వలస వేరు. యాత్రకు పోయేవాడు ఇంటి తాళంచెవి మొలకు కట్టుకొని పోతాడు. వలసపోయేవాడికి తాళం వేయవలసిన ఇల్లే ఉండదు. ఈ రెండూ ఒకటైపోయిన బాట ఒకటి అమెరికా నడిబొడ్డున ఉన్నది. మోర్మన్లనే క్రైస్తవశాఖవారు నడచిన బాట అది. గత వేసవిలో మా అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవడు, మా శ్రీమతి, నేను ఆ బాట వెంట కారులో ప్రయాణించాము.

పూర్వకథ క్లుప్తంగా మనవి చేస్తాను. 1830లో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ శాఖకు వెళ్ళినచోటల్లా ఇరుగుపొరుగుతో వైరమే ఎదురైంది. 1844 జూన్ 27న ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ చెరసాలలో ఒక మూక అతణ్ణి కాల్చి చంపింది. 1846 ఫిబ్రవరిలో అనుచరులు మిసిసిపీ ఒడ్డున తాము కట్టుకొన్న నావూ పట్టణాన్ని విడిచి పడమటికి బయలుదేరారు. 1847 జూలై 24న బ్రిగమ్ యంగ్ సాల్ట్ లేక్ లోయ చేరాడు. 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయ్యేదాకా సుమారు 70,000 మంది ఆ దారిన పోయారు. మొత్తం దూరం దాదాపు 1,300 మైళ్ళు.

మా ప్రయాణం ఓమహా నగరంలో మొదలైంది. 1846-47 చలికాలం వారు గడిపిన విడిది అక్కడే. ఆ విడిదిలో వందలమంది జబ్బుపడి పోయారు. శ్మశానవాటికలో ఒక కంచువిగ్రహం ఉన్నది. పసిబిడ్డను పూడ్చబోతున్న గోతి అంచున భార్యాభర్తలు నిలబడి ఉంటారు. మా శ్రీమతి అక్కడ చాలాసేపు నిలబడింది. నేను పలకరించలేదు.

మనవడికి మాత్రం విలియమ్ క్లేటన్ కథ నచ్చింది. ఎన్ని మైళ్ళు నడిచామో తెలియాలని ఆయన బండిచక్రానికి గుడ్డపీలిక కట్టి, అది ఎన్నిమార్లు తిరిగిందో రోజంతా లెక్కపెట్టాడు. చక్రం చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు; 360 చుట్లయితే మైలు. మనవడు కారులోనే గుణించి 5,280 అడుగులు సరిపోయాయని కేకవేశాడు. లెక్క విసుగనిపించి, తరువాత కొయ్యపళ్ళ చక్రాలతో దూరాన్ని కొలిచే యంత్రం ఒకటి చేయించారట. విసుగు కూడా ఒక విద్యాగురువే.

ఇక ఈ ప్రయాణంలో మా ఇంటి విషయం ఒకటి దాగి ఉన్నది. తెనాలిలోని ఇల్లు అమ్మేసి శాశ్వతంగా తనదగ్గరకు వచ్చేయమని అబ్బాయి రెండేళ్ళుగా అడుగుతున్నాడు. వాడి భయం న్యాయమైనదే. అర్ధరాత్రి ఏదైనా అయితే పలికే దిక్కెవరని వాడి బెంగ. మేము అవుననలేదు, కాదనలేదు.

వయోమింగ్ రాష్ట్రంలో మార్టిన్స్ కోవ్ అనే కొండకోన ఉన్నది. ఎద్దుబండ్లు కొనే స్తోమతు లేని బీదలకోసం 1856లో చేతిబండ్ల పద్ధతి ప్రవేశపెట్టారు. పశువులకు బదులు మనుషులే లాగాలి. పెద్దవారికి తలకు 17 పౌండ్ల సామాను మాత్రమే. పక్కబట్టలు, కట్టుబట్టలు అన్నీ అందులోనే. మన లెక్కలో ఎనిమిది కిలోలకు లోపు.

ఆ ఏడాది చివరి రెండు బృందాలు, విల్లీ బృందమూ మార్టిన్ బృందమూ, ఆలస్యంగా బయలుదేరాయి. ఇప్పుడు కదిలితే ముసలివారు, బలహీనులు మంచులో చనిపోతారు, ఆగుదామని లెవి సావేజ్ అనే అనుభవశాలి కన్నీళ్ళతో చెప్పాడు. ఎవరూ వినలేదు. అయితే మీతోపాటే వస్తాను, మీ కష్టం నేనూ పడతానని ఆయన వారివెంట నడిచాడు. అక్టోబరులో, నడక సాగడంలేదని, మార్టిన్ బృందం తలకు 10 పౌండ్లకు బరువు కుదించి కంబళ్ళను సైతం తగలబెట్టింది. రెండు రోజులకే మంచు కురిసింది. సుమారు వెయ్యిమందిలో రెండువందలకు పైగా మరణించారు. కబురందిన బ్రిగమ్ యంగ్ అక్టోబరు 5న ప్రార్థనసభలో, ముందు బండ్లు, ఆహారం పంపండని పురమాయించాడు. ఆయన సిద్ధాంతాలతో నాకు పనిలేదు. ఆనాటి ఆ మాటకు మాత్రం నమస్కరిస్తాను.

అక్కడ సందర్శకులు చేతిబండి లాగవచ్చు. మనవడు కాస్తదూరం లాగి, ఆయాసపడుతూ అడిగాడు:

"తాతయ్యా, నీ 17 పౌండ్లలో ఏం పెట్టుకుంటావు?"

"ఆంధ్రమహాభారతం" అన్నాను.

"అది ఒక్కటే 17 పౌండ్లు దాటుతుంది. 10కి కుదిస్తే ముందు మంటలో పడేదీ అదే" అన్నది మా శ్రీమతి. అందరమూ నవ్వాము.

ఆ రాత్రి బసలో ఆవిడే అబ్బాయితో మెల్లగా అన్నది: "నాన్నా, వాళ్ళు కష్టపడి నడిచింది తమదంటూ ఒక ఊరు కట్టుకోవడానికి. మేము వస్తే నువ్వు కట్టుకున్న ఊళ్ళో కూర్చోవడానికి వస్తాం. మా ఊరు మేము ఎప్పుడో కట్టేసుకున్నాంరా."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి ఆ సావేజ్ లాగా నేనే మీ వెంట రావాలేమో" అన్నాడు. గొంతు బరువెక్కింది. కోడలు వాడి భుజంమీద చెయ్యి వేసింది. కాళ్ళాడినన్నాళ్ళూ ఏటా వేసవికి మేము వెళ్ళాలని, ఇల్లు అమ్మరాదని, తెనాలిలో రాత్రిపూట తోడుండే మనిషిని పెట్టుకోవాలని ఆ రాత్రే నిర్ణయమైంది. దీనితో వాడి బెంగ తీరిందని చెప్పను. మాది మాత్రం కొంత తీరింది.

చివరిగా సాల్ట్ లేక్ సిటీ. జ్వరంతో బండిలో పడుకొని వచ్చిన బ్రిగమ్ యంగ్ లోయను చూసి, తగిన చోటు ఇదేనన్నాడని చెబుతారు. ఆ చోట 1947లో శతాబ్ది స్మారకం నిలిపారు. ఆ ప్రాంతం అంతకుమునుపే షోషోనీ, యూట్ జాతుల తావు; ఒకరి గమ్యం మరొకరి పుట్టిల్లని అక్కడ నిలబడినవారు మరువరాదు. మనవడికి అమెరికాయే పుట్టిల్లు. వాడు ఆ స్మారకం ముందు నిలబడి, నా నోటుపుస్తకంలో తన పేరు తెలుగులో రాశాడు. ఒక్క ఒత్తు తప్పిపోయింది. దిద్దించాను.