వెయ్యి కొండల దేశంలో

ఆఫ్రికా ఖండం నడుమ, భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా, రువాండా అనే చిన్న దేశం ఉన్నది. దాని వైశాల్యం సుమారు 26,000 చదరపు కిలోమీటర్లు. దాన్ని "వెయ్యి కొండల దేశం" అంటారు. ఎటు చూసినా కొండలే. కొండవాలుల్లో అరటితోటలు, తేయాకు తోటలు, చిన్న చిన్న పల్లెలు.

చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. కాని, ఆ పల్లెల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ కొండలే శత్రువులవుతాయి. ఎదుటి కొండ మీద కనిపించే ఊరికి వెళ్ళాలన్నా, బాట మెలికలు తిరుగుతూ లోయలోకి దిగి మళ్ళీ పైకెక్కాలి. వానలు పడితే మట్టిబాటంతా బురదే.

అలాంటి ఒక కొండ మీది ఆసుపత్రిలో ఒక తల్లి బిడ్డను కన్నదనుకోండి. బిడ్డ బాగానే ఉన్నది. కాని తల్లికి రక్తం పోవటం ఆగలేదు. వెంటనే ఇంకొకరి రక్తం ఎక్కిస్తేగాని ఆమె బతకదు.

ఆ రక్తాన్ని ముందే తెచ్చి ఉంచుకోరాదా అని మీరు అడగవచ్చు. రక్తం బియ్యంలాగా నిలవ ఉండే వస్తువు కాదు. అందులోని ఎర్రకణాలు చల్లని పెట్టెలో ఉంచినా సుమారు 6 వారాలే పనికివస్తాయి. ప్లేట్‌లెట్లనే కణాలు 5 నుంచి 7 రోజులకు మించి ఉండవు. పైగా రక్తంలో రకాలున్నాయి. ఒకరిది అందరికీ సరిపడదు. ఏ ఆసుపత్రికి ఏ రోజున ఏ రకం కావలసివస్తుందో ఎవరు చెప్పగలరు? ఎక్కువ తెచ్చిపెడితే పాడవుతుంది. తక్కువ తెస్తే ప్రాణం పోతుంది.

ఈ చిక్కు తీర్చటానికి 2016లో అక్కడ ఒక కొత్త ఏర్పాటు మొదలయింది. రాజధాని కిగాలీకి పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన ముహాంగా అనే ఊరున్నది. అక్కడ జిప్‌లైన్ అనే అమెరికా సంస్థ, రువాండా ప్రభుత్వంతో కలిసి, మనిషి ఎక్కని చిన్న విమానాలకు ఒక స్థావరం కట్టింది. వీటినే డ్రోనులంటారు.

ఆసుపత్రి నుంచి ఫోనులో కబురు వస్తుంది: ఫలానా రకం రక్తం కావాలి. పనివాళ్ళు రక్తపు సంచిని పెట్టెలో పెట్టి డ్రోను కడుపులో అమరుస్తారు. డ్రోను రెక్కల పొడవు 3 మీటర్లకు పైనే. అయినా అది మోయగల బరువు 2 కిలోల లోపే. ఉండేలులోంచి రాయి ఎగిరినట్టు దాన్ని ఒక పట్టా మీది నుంచి విసురుతారు. అది విద్యుత్తుతో నడుస్తూ, ఉపగ్రహాల సంకేతాలతో దారి తెలుసుకుంటూ, గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో కొండల మీదుగా పోతుంది. ఆసుపత్రి దగ్గర అది నేలకు దిగదు. కాస్త కిందికి వచ్చి పెట్టెను వదిలి వెనక్కు తిరుగుతుంది. కాగితపు గొడుగు విచ్చుకుని, పెట్టె మెల్లగా నేల మీద వాలుతుంది.

దీనివల్ల నిజంగా మేలు జరిగిందా? పరిశోధకులు 2017 నుంచి 2019 దాకా లెక్కలు తీసి 2022లో ప్రకటించారు. డ్రోను రక్తాన్ని సగటున 50 నిమిషాల్లో చేర్చింది. రోడ్డు మీద అయితే అంతకన్నా గంటకు పైగా ఎక్కువ పట్టేది. ఏడాది తిరిగేసరికి, గడువు దాటి పారబోసే రక్తం మూడింట రెండు వంతులు తగ్గింది. రక్తాన్ని ఒకేచోట ఉంచి, అవసరమైన వారికే పంపటంవల్ల ఇది సాధ్యమయింది.

మన తెలంగాణలో కూడా, 2021 సెప్టెంబరులో వికారాబాద్ జిల్లాలో, మందులనూ టీకాలనూ డ్రోనులతో పంపి పరీక్షించారు.

అయితే, డ్రోను ఎంత వేగంగా ఎగిరినా రక్తాన్ని పుట్టించలేదు. ఆ సంచిలో ఉన్నది ఎవరో ఒక మనిషి చెయ్యి చాచి ఇచ్చినదే. ఇచ్చినవారికి ఆ తల్లి ఎవరో తెలియదు. ఆ తల్లికి ఇచ్చినవారెవరో తెలియదు. వారిద్దరి మధ్యా ఉన్న కొండలను మాత్రమే డ్రోను దాటించింది. మన దేశంలో 18 ఏళ్ళు నిండిన ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఇచ్చారేమో అడిగి చూడండి.