రోమన్ల రాళ్లు, సాక్సన్ల గోడలు

ఇండియా నుంచి చుట్టాలొస్తే ఈశాన్య ఇంగ్లండ్‌లోని మనవాళ్లంతా డరమ్ కెథీడ్రల్ చూపిస్తారు. నేనూ చూపిస్తాను. ఆ తర్వాత వాళ్లు వద్దంటున్నా బిషప్ ఆక్లండ్ పక్కనున్న ఎస్కమ్ అనే పల్లెకు లాక్కెళ్తాను. “ఇంత చిన్న చర్చి కోసమా!” అని మొహం మీదే అన్నవాళ్లున్నారు.

చిన్నదే. గుండ్రటి ప్రహరీ లోపల, సమాధుల నడుమ ఉన్న దీన్ని క్రీ.శ. 670-690 ప్రాంతంలో కట్టారు. వెడల్పు పొడవులో మూడో వంతే. గోడలు మాత్రం నిటారుగా పైకి పోతాయి. పాత కిటికీలు పైన ఎక్కడో, బయట ఇరుగ్గా, లోపలికొచ్చేసరికి వెడల్పుగా ఉంటాయి. సన్నగా దూరిన వెలుగు లోపలంతా పరుచుకుంటుంది.

అసలు చూడాల్సింది గోడల్ని. ఈ రాళ్లు దగ్గర్లోని బిన్‌చెస్టర్ రోమన్ కోటవి. కోట వదిలి సైన్యం పోయాక, సాక్సన్లు వాటిని తెచ్చి పేర్చుకున్నారు. కొన్నిటి మీద రోమన్ ఉలి గీసిన ఐమూల గళ్లు వేలికి తగులుతాయి. ఉత్తరపు గోడలో రోమన్ల ఆరో లీజియన్ అనే సైనిక దళం పేరు చెక్కిన రాయి తలకిందులుగా ఉంది. పేర్చినవాడికి చదువు రాదో, వచ్చినా పట్టించుకోలేదో! బలిపీఠం వైపు తెరుచుకునే ఎత్తైన కమానును కూడా రోమన్ కట్టడం నుంచి విప్పి తెచ్చారని పండితుల అంచనా. దక్షిణపు గోడ మీది నీడగడియారంలో ఉన్నవి మూడే గీతలు. అవి గంటలు కావు, ప్రార్థన వేళలు.

ఈ పాత రాళ్ల ముందు నాకు అమరావతి గుర్తొస్తుంది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కడుతున్నప్పుడు బౌద్ధ స్తూపం రాళ్లూ తవ్వుకుపోయారు. కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. మిగిలిన శిల్పాలు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. పాత రాయి వాడుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఎస్కమ్ మేస్త్రీలు మాత్రం రాతిని రాతిగానే వాడారు, దాని మీది గుర్తులు చెరపలేదు.

ఇన్ని శతాబ్దాలు నిలిచిన ఈ చర్చికి 1863లో గండం వచ్చింది. ఊరివాళ్లు మిట్ట మీద కొత్త చర్చి కట్టుకుని దీన్ని వదిలేశారు. మనుషుల రాకపోకలు ఆగేసరికి శిథిలమవడం మొదలైంది. 1875-80 మధ్య బాగుచేయబట్టి దక్కింది. ఇప్పుడు మళ్లీ ఇక్కడ ప్రార్థనలు జరుగుతున్నాయి. బూజు దులిపే చేతులున్నంత కాలం దానికి ఢోకా లేదు.