మా రేకుల ఇంటికి సీలింగ్ వేశాం, పొయ్యి పైన తప్ప



మన గూడేల్లో ఇప్పుడు రేకుల ఇళ్ళే ఎక్కువ. అందుకే ఈ సంగతి రాస్తున్నాం.

మేం అన్నదమ్ములం ఇద్దరం. ఒకరం హైదరాబాద్‌లో ఫాల్స్ సీలింగ్ పనికి పోతాం, ఒకరం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మాది భద్రాచలం దగ్గర గూడెం. గడ్డి కప్పు తీసేసి సిమెంటు రేకులు వేసినప్పటి నుంచి మే నెల మధ్యాహ్నాలు ఇంట్లో ఉండలేం. నాన్న చింతచెట్టు కిందే పడుకుంటాడు. పట్నంలో ఎవరెవరి ఇళ్ళకో బిగిస్తున్నాం, మనింటికి బిగించలేమా అనుకొని ఎండాకాలం సెలవుల్లో దిగాం.

ముందు గది 12 అడుగులకు 10. వెనక పొయ్యి వైపు 12కు 8. జిప్సం బోర్డు 6 అడుగులకు 4. ముందుకు ఐదు, వెనక్కి నాలుగు, విరిగితే ఉంటుందని ఇంకొకటి, మొత్తం పది బోర్డులు ఆటోలో తెచ్చాం.

గోడల చుట్టూ దారం పట్టి గీత కొట్టి ఛానల్ బిగించాం. పైన దూలాల నుంచి పట్టీలు వేలాడదీసి, 18 అంగుళాలకు ఒకటి చొప్పున సెక్షన్లు వేశాం. రేకుకు మాత్రం డ్రిల్లు పెట్టలేదు. సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, క్యాన్సర్ కూడా వస్తుంది. ఒక్కో బోర్డు దాదాపు 20 కిలోలు. ఇద్దరం నెత్తితో ఆపి, వెదురుతో చేసిన టీ కర్ర కింద పోటీ పెట్టి, 9 అంగుళాలకో స్క్రూ బిగించాం. స్క్రూ తల కాగితం లోపలికి కొంచెం దిగాలి గానీ కాగితం చిరగకూడదు. అతుకుల మీద టేపు వేసి పుట్టీ పట్టించాం.

ముందు గది అయిపోయింది. పొయ్యి వైపు నిచ్చెన వేస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"ఇది కూడా మూసేస్తే పొగ ఎటు పోద్దిరా? నా విత్తనాలు ఎక్కడ కట్టుకోవాలి?"

తలెత్తి చూశాం. మసి పట్టిన వాసాలకు మొక్కజొన్న కంకులు, సొరబుర్రలో చిక్కుడు గింజలు, ఒక మూట జొన్న. రోజూ పొగ తగిలితేనే వాటికి పురుగు పట్టదు. విత్తనాల పండుగకు గుడి దగ్గరికి తీసుకెళ్ళేది వాటినే. మేం చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. కొలతలు తీసినప్పుడు మాత్రం మాకు అవి కనబడలేదు, అడ్డం వస్తే దింపేద్దాం అనుకున్నాం. సిగ్గేసింది. నిచ్చెన దించేశాం.

ముందు గది చల్లగా అయిపోయిందని చెప్పం. కానీ రేకు సెగ నేరుగా మీద పడటం లేదు. నాన్న ఇప్పుడు మధ్యాహ్నం లోపలే పడుకుంటున్నాడు.

మీరూ వేసుకుంటే ముందు రేకుల మీద నీళ్ళు పోసి ఎక్కడ కారుతుందో చూసుకోండి. జిప్సం తడిస్తే మెత్తబడి ఊడిపోతుంది. బోర్డులు కొనే ముందు ఇంట్లో అమ్మను అడగండి. మేం అడగలేదు, ఐదు మిగిలాయి. దగ్గర గూడేల్లో ఎవరికైనా కావాలంటే చెప్పండి, బిగించడానికి మేమే వస్తాం.