నాన్నగారి చెవులు

కిందటి దసరాకి కొత్త స్పీకర్ల జత కొన్నాను. దుకాణంలో రెండు జతలు వినిపించారు. గట్టిగా మోగినదే మేలనిపించి డబ్బిచ్చి తెచ్చేశాను. రెండింటినీ ఒకే స్థాయిలో మోగించి పోల్చుకోకపోతే ఎవరి చెవులైనా మోసపోతాయని అప్పుడు తోచలేదు!

హాలులో చెరో మూలా నేలమీద పెట్టి, నాన్నగారికిష్టమని ఘంటసాల పాట పెట్టాను. "మోత బాగానే ఉందిరా. మాటలే తెలియడం లేదు" అన్నారు.

"ఎనభై దాటాయి గదా, చెవులు మందగించాయి" అనేశాను. ఆయన మరి మాట్లాడలేదు.

నేను తెరవని పుస్తకం ఆ రాత్రి మా ఆవిడ తెరిచింది. "మూలల్లో పెడితే గోడలు మంద్రస్వరాలను పెంచేస్తాయిటండీ. ఆ హోరులో మాటలు మునిగిపోతాయిట" అంది.

పొద్దున్నే మూలలు వదిలించి, గోడకు రెండు మూరలు ఇవతల, కూర్చున్న మనిషి చెవి ఎత్తున స్టూళ్లమీద నిలిపాం. వాటి మధ్య ఎంత దూరమో, వాటినుంచి నాన్నగారి కుర్చీకీ అంతే దూరం.

మళ్లీ అదే పాట. పల్లవి పూర్తికాకుండానే నాన్నగారి పెదవులు కదిలాయి.

"చెవులు బాగానే ఉన్నాయి గదరా!" అన్నారు నావంక చూసి.

నేను తల వంచుకుని, సరిగ్గానే ఉన్న స్టూలును మళ్లీ సర్దాను.